ట్రాన్స్‌ఫర్ కేస్ చెయిన్ సెట్టు: కోరాపుట్ కొండల్లో ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు కావలసినవాళ్లు ఆ తర్వాత చదువుకోవచ్చు. ఫోర్ వీల్ పికప్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్ బాక్స్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) చెయిన్ వదులైతే చెయిన్ ఒక్కటే కాదు, అది తిరిగే రెండు స్ప్రాకెట్లతో (పళ్ల చక్రాలతో) కలిపి సెట్టుగా మార్పించండి. పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. నా బండిలో అలా వేయించి ఏళ్లు గడిచాయి. పొట్టంగి కొండల్లో అల్లం బస్తాలతో ఎక్కుతూ దిగుతూ ఉన్నా ఆ సెట్టు ఇంతవరకు మాట రానివ్వలేదు. అయితే టైర్ల సంగతి చూసుకోకుండా లోపల ఎంత మంచి సామాను వేయించినా దండగే. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ పికప్, డాష్‌బోర్డు మీద స్విచ్ తిప్పితే ఫోర్ వీల్ పడే రకం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా చెయిన్ కేసు చాలా కంపెనీల బళ్లలో ఉంటుంది, అరుగుదల తీరు కూడా ఒకటే. సాలూరు నుంచి కోరాపుట్ వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఈ బండికి ఫోర్ వీల్ అక్కర్లేదు. మా డ్రైవర్లు దాన్ని ఇప్పటికీ నలభై మూడనే అంటారు, పాత నంబరు నోట్లోంచి పోలేదు. ఆ రోడ్డు దిగి కొటియా వైపో, దేవమాలి వెనకున్న ఊళ్లకో మళ్లితే కథ మారుతుంది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తున్న కొండ, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. చూడ్డానికి వచ్చేవాళ్లకు మంచి రోడ్డుంది. అల్లం, కొండచీపుర్లు, చింతపండు దొరికే ఊళ్లకు మాత్రం ఇంకా ఎర్రమట్టి దారులే ఎక్కువ. వాన పడితే ఆ మట్టి మీద మనిషి నిలబడటమే కష్టం, లోడు బండి సంగతి చెప్పక్కర్లేదు. కొటియా పల్లెలు మావంటే మావని ఒడిశా, ఆంధ్రా రెండూ దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. మాలాంటి బండివాళ్లకు అక్కడ ఎవరు రోడ్డు వేసినా సంతోషమే.

మొదట తెలిసింది శబ్దంతోనే. టూ హైలో, అంటే వెనక చక్రాలకే శక్తి పోయే మామూలు నడకలో, బండి నిశ్శబ్దంగా పోతుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ శక్తి పోతూ, వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే స్థితి) పెట్టి మొదటి గేరులో ఎత్తు ఎక్కిస్తుంటే కాళ్ల కింద, సరిగ్గా గేర్ లివరు కింద నుంచి టక్, టక్, ఆ వెంటనే ధడాల్ అని ఒక దెబ్బ. యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. నొక్కితే మళ్లీ మొదలు. మెకానిక్కుల్లో ఒకరు చక్రం హబ్బన్నారు, ఇంకొకరు షాఫ్టు కీలు దగ్గరి క్రాస్ అన్నారు, మరొకరు ముందు డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) పళ్లు పోయాయని ఏకంగా హౌసింగ్ దింపబోయారు. ఆయన్ను ఆపడం మంచిదైంది. డిఫరెన్షియల్‌లో పన్ను విరిగితే దెబ్బ చక్రం తిరిగే లెక్కలో, ఒకే తాళంలో వస్తుంది. ఇది అలా లేదు. లోడు పడ్డప్పుడే, అదీ ఎడాపెడా వస్తోంది. చివరికి సాలూరులో లారీ గేర్ బాక్సులు చేసే ఓ పెద్దాయన కింద కూర్చుని వింటూ నన్ను క్లచ్ నెమ్మదిగా వదలమన్నారు. రెండుసార్లు విని, "హబ్బు కాదు, డిఫరెన్సూ కాదు బాబూ. చెయిన్ పళ్లు దాటేస్తోంది" అన్నారు. డ్రెయిన్ బోల్టు విప్పితే నూనెతో పాటు వెండిరంగు పొడి దిగింది. వదులైన చెయిన్ ఊగి అల్యూమినియం కేసు లోపలి గోడను గీకితే వచ్చే పొడి అది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మెకానిక్‌తో మాట్లాడటం తేలిక. గేర్ బాక్స్ నుంచి వచ్చే శక్తి వెనక చక్రాలకు నేరుగా పోతుంది. ముందు చక్రాలకు పోవాలంటే పక్కన, కొంచెం కిందుగా ఉన్న రెండో షాఫ్టుకు చేరాలి. ఆ శక్తిని మోసుకెళ్లేది ఈ చెయిన్. పాత విల్లీస్ జీపుల్లో ఈ పని గేర్లే చేసేవి, చెయిన్ ఉండేది కాదు. చెయిన్ పెడితే బరువు తక్కువ, చప్పుడు తక్కువ. ఇది మోటార్ సైకిల్ చెయిన్ లాంటిది కాదు. రోలర్లు ఉండవు, వరసలు వరసలుగా పేర్చిన పళ్ల పలకలు, వాటిని కలిపే పిన్నులు ఉంటాయి. ఇందులో విప్పి తగిలించే లింకు ఉండదు, ఒకే చుట్టుగా వస్తుంది. చెయిన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. పిన్నులు, వాటి రంధ్రాలు కాస్త కాస్తగా అరిగి, ఆ అరుగుదలంతా కలిసి మొత్తం పొడవు పెరుగుతుంది. అప్పుడు చెయిన్ పన్నుకూ స్ప్రాకెట్ పన్నుకూ లెక్క కుదరక, బరువు పడగానే ఒక పన్ను ఎక్కి దూకుతుంది. ఫోర్ లోలో లోపలి గేర్లు టార్కును సుమారు రెండున్నర రెట్లు చేసి చెయిన్ మీదికి పంపిస్తాయి కాబట్టి శబ్దం ముందు అక్కడే బయటపడుతుంది.

విప్పడం పెద్ద మాయేం కాదు, ఓపిక పని. ముందు, వెనక చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు దింపాలి. దింపేముందు షాఫ్టు బిగించే ఫ్లాంజి మీద గీత గీసుకోవాలి, లేకపోతే బిగించాక వైబ్రేషన్ వస్తుంది. స్విచ్ తిప్పితే ఫోర్ వీల్ వేసే మోటార్ వైర్లు, సెన్సార్ ప్లగ్గు, గాలి పీల్చే బ్రీదర్ పైపు విప్పి, జాకీ ఆనించి కేసును గేర్ బాక్స్ నుంచి వెనక్కి లాగాలి. ఇద్దరు మోయాల్సిన బరువు. మోటార్ ఏ గేరులో ఉండగా తీశామో అదే గేరులో మళ్లీ పెట్టాలి. ఈ చిన్న విషయం పట్టించుకోకపోతే అంతా బిగించాక ఫోర్ వీల్ లైటు వెలుగుతూ ఆరుతూ కూర్చుంటుంది. కేసు రెండు చెక్కలు విడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకూడదు. ఆ అతుకు ముఖం మీద ఒక్క గీత పడినా జీవితాంతం నూనె కారుతుంది. లాక్ తీశాక రెండు స్ప్రాకెట్లనూ, చెయిన్‌నూ కలిపి ఒకేసారి పైకి లాగాలి. విడివిడిగా రావు.

బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఒక్కోదాన్ని అడ్డంగా పట్టుకుని చూశాం. కొత్తది దాదాపు తిన్నగా నిలిచింది. పాతది పందిరి మీది ముదిరిన పొట్లకాయలా వంగింది. మా చిన్నాన్న సునాబెడ హెచ్‌ఏఎల్‌లో విమాన ఇంజన్ల దగ్గర పని చేసి రిటైరయ్యారు. ఆయన చూసింది చెయిన్‌ను కాదు, స్ప్రాకెట్ పళ్లను. ఒక పక్కే మెరుస్తూ, కొసలు కొంచెం వంగి ఉన్నాయి. "ఒరే, ఈ పళ్ల మీద కొత్త చెయిన్ వేస్తే వేసిన రోజు నుంచే అరుగుతుంది. రెండూ మార్చు" అన్నారు. చెయిన్ ఒక్కటే తెచ్చుకున్న నేను మళ్లీ విశాఖలో గాజువాక ఆటోనగర్‌కు ఫోన్ చేశాను. స్ప్రాకెట్లు వచ్చేదాకా బండి అక్కడే పడి ఉంది, ఆ అల్లం సీజన్లో కొంత నష్టం తప్పలేదు. అయినా లెక్క వేసి చూస్తే కూలీ, సీలు, నూనె ఖర్చు ఎలాగూ ఒకటే. తేడా సామాను ధరలోనే. నారాయణపట్నం వైపు మా పరిచయస్తుడొకాయన చెయిన్ ఒక్కటే వేయించాడు. మొదటి వానాకాలం దాటేసరికి పాత శబ్దమే తిరిగొచ్చింది, మళ్లీ మొత్తం దింపించాల్సి వచ్చింది.

సామాను కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకండి. కేసు మీదున్న చిన్న పలక నంబరు ఫోటో పంపండి. చెయిన్ వెడల్పు, లింకుల లెక్క పాతదానితో సరిపోవాలి, చూపుకు ఒకేలా ఉండే రెండు చెయిన్లలో వెడల్పు తేడా ఉండొచ్చు. తెరిచినప్పుడే గేరు జరిపే షిఫ్ట్ ఫోర్కు చివర ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు, అవుట్‌పుట్ బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా మార్చేయాలి. లోపల చిన్న ఆయిల్ పంపు, దానికో జల్లెడ, అడుగున అయస్కాంతం ఉంటాయి. నా దాంట్లో జల్లెడ సగం మూసుకుపోయి ఉంది. అయస్కాంతం మీద ఇనుప రజను దట్టంగా పేరుకుంది.

నూనె దగ్గర చిన్న వాదన జరిగింది. లారీల చేయి తిరిగిన పెద్దాయన కాబట్టి చిక్కటి తొంభై నంబరు గేర్ ఆయిల్ పోయబోయారు. ఈ కేసుకు కంపెనీ పుస్తకంలో రాసింది పల్చటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే నూనె). చిక్కటి నూనె పోస్తే చలికాలం తెల్లవారుజామున ఆ చిన్న పంపు దాన్ని పైకి లాగలేదు. డిసెంబరులో మా సిమిలిగుడ చలి తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పుస్తకం తెరిచి చూపించాక ఆయన నవ్వి, "మీ బండి మీ ఇష్టం" అన్నారు. కేసు అతుక్కి రాసిన సిలికాన్ ఆరేదాకా ఆగి, లెవల్ రంధ్రం నుంచి బొట్లు కారేవరకు నింపాం. మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆ నూనె తీసేసి కొత్తది పోయించాను, మిగిలిన పొడి అంతా దాంతో పోయింది.

ఇక టైర్ల సంగతి. ఈ తరహా ఫోర్ వీల్‌లో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హై (మామూలు వేగంలో ఫోర్ వీల్) వేయగానే రెండూ ఒకే వేగంతో తిరగాలి. ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు ఉన్నాయనుకోండి. ట్రెడ్ లోతులో 6 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, ఈ సైజు టైర్లకు కిలోమీటరుకు దగ్గర దగ్గర 15 మీటర్ల లెక్క తప్పుతుంది. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఆరిన తారు మీద సర్దుకునే దారి లేదు, ఆ బిగువంతా చెయిన్ మీదే పడుతుంది. సుంకి ఘాట్ మలుపుల్లో ఇంకా ఘోరం, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. నాకు అమ్మినాయన ఘాట్ మీద కూడా ఫోర్ హై వేసే నడిపేవాడని, అదే సేఫ్టీ అని నమ్మేవాడని తర్వాత తెలిసింది. చెయిన్ ఎందుకు పోయిందో నాకప్పుడు అర్థమైంది. ఇప్పుడు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి వాడుతున్నాను. తరచూ ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తాను.

ఇన్నేళ్ల వాడకంలో కనిపించినవి చెప్తాను. ఫోర్ లోలో ఆ దెబ్బ మళ్లీ ఒక్కసారి కూడా వినపడలేదు. పూర్తి లోడుతో, వెనక్కి ఎత్తు ఎక్కించాల్సి వచ్చినప్పుడు కూడా లేదు. వర్షాలు తగ్గాక ఏటా నూనె మార్పిస్తున్నాను. వాగులు దాటే బండికి ఇది తప్పదు. నీళ్లు చేరితే నూనె తెల్లగా పాలు కలిపినట్టు మారుతుంది. బ్రీదర్ పైపును ఎత్తుగా కట్టించాక నాకైతే ఆ ఇబ్బంది రాలేదు. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద ఇప్పుడు సన్నటి నల్ల పేస్టు తప్ప రవ్వలు లేవు. మైలేజీ పెరగలేదు, తగ్గలేదు. పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఫిర్యాదులు లేకపోలేదు. కొత్త స్ప్రాకెట్లతో ఫోర్ హైలో కొంచెం ఊళ లాంటి చప్పుడు వినిపిస్తోంది, వేగం పెరిగితే మరీ. మొదట్లో టెన్షన్ పడ్డాను గానీ అది పెరగలేదు, తగ్గలేదు. ఫోర్ హై నుంచి టూ హైకి తిప్పితే కొన్నిసార్లు వెంటనే విడవదు, లైటు అలాగే ఉంటుంది. రెండు మూడు మీటర్లు రివర్స్ తీస్తే టక్కున విడుస్తుంది. బురద దారి నుంచి తారు ఎక్కగానే ఈ పని అలవాటు చేసుకోవడం మంచిది.

ఫోర్ వీల్ ఏడాదికి ఒకటీ అరా తప్ప వాడనివాళ్లకు ఈ ఖర్చు తొందరలేదు. శబ్దం మొదలైతే ఫోర్ వీల్ వేయకుండా, టూ హైలో నడుపుకుంటూ పోవచ్చు. కాకపోతే శబ్దం చేస్తున్న చెయిన్‌తో ఫోర్ లోలో పట్టుదలగా ఎక్కించొద్దు. అది తెగితే కేసుకే రంధ్రం పడొచ్చు, అప్పుడు చెయిన్ సెట్టు ధరతో పని తీరదు, మొత్తం కేసు కొనాలి.

ప్రస్తుతం నా బండిలో ముందు షాఫ్టు బయటికొచ్చే చోట ఆయిల్ సీలు కొంచెం తడిగా ఉంది. బొట్టు పడటం లేదు, దుమ్ము అంటుకుంటోంది అంతే. ఈసారి నూనె మార్చినప్పుడు ఆ సీలు ఒక్కటీ వేయిస్తాను.