ధర కట్టే పరీక్షను బట్టే పాడి: కోనసీమలో ఒక పాల కేంద్రంపై సమీక్ష

పాల కేంద్రం మారాలనుకునే రైతు మొదట అడిగేది లీటరుకు ఎంత ఇస్తున్నారని. ఆ ధరను ఏ పరీక్షతో కడుతున్నారో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అమలాపురానికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో ఒక ప్రైవేటు డెయిరీ నడుపుతున్న సేకరణ కేంద్రానికి నేను రెండు పూటలా గేదె పాలు పోస్తున్నాను. ఈ సమీక్ష ఆ కేంద్రం గురించి.

ఇంతకుముందు పాలు పోసిన చోట లాక్టోమీటరు ఒక్కటే ఆధారం. అది పాల సాంద్రతను మాత్రమే చూపుతుంది. నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గుతుంది, కొవ్వు నీటికన్నా తేలిక కనుక మీగడ తీస్తే పెరుగుతుంది. అందువల్ల మీగడ తీసి, ఆపైన తగినన్ని నీళ్లు కలిపిన పాలు కూడా మంచి పాలలాగే నిలబడి, చిక్కటి పాలు తెచ్చినవారికి వచ్చిన ధరే తెచ్చుకునేవి.

వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం ఆ లోపాన్ని సరిచేసింది కానీ, కొట్టంలో మరో మార్పు తెచ్చింది. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే 6 శాతం పాలకు కిలోకు 48, 7 శాతం పాలకు 56 రూపాయలు వస్తాయి. ఒకే పూట పితికిన పాలలో మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. పూర్వం చేపుకు, అంటే గేదె పొదుగులోకి పాలు దిగడానికి, దూడను విడిచి, పితికాక చివర కొన్ని పాలు దానికే వదిలేవారు. ఫ్యాట్ రేటు వచ్చాక దూడకు మొదటి పాలు మాత్రం తాగనిచ్చి, చివరి చుక్కవరకు పితికి క్యానులో పోయడం చాలా ఇళ్లలో అలవాటైంది. ఇందులో కల్తీ లేదు, ఎవరి తప్పూ లేదు. అయినా బక్కచిక్కుతున్నది పెయ్యదూడ, అంటే నాలుగేళ్ల తరువాత మన ఇంటికి రావలసిన పాడి. ఈ విషయం నన్ను నిజంగా బాధిస్తోంది.

ఈ కేంద్రంలో వెన్నతోపాటు, వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలను, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్‌ను కూడా ధరలో లెక్కిస్తారు. గేదె పాలలో అది కనీసం 9 శాతం ఉండాలన్నది ప్రమాణం. నీళ్లు కలిపితే రెండు అంకెలూ పడిపోతాయి, మీగడ తీస్తే వెన్న అంకె పడిపోతుంది. క్యానులో పాలను అడుగునుంచి బాగా కలిపాకే నమూనా తీసి, రైతు కళ్లెదుటే మిషన్లో పెట్టి చీటీ ఇస్తారు. అనుమానముండి మళ్లీ పెట్టమంటే విసుక్కోరు. చెల్లింపు ఆలస్యం కాదు.

లోపాలు రెండు చెప్పాలి. చక్కెర, యూరియా వంటివి కలిపి ఎస్‌ఎన్‌ఎఫ్ అంకెను పెంచే వీలుంది. వాటిని పట్టే పరీక్షలు ఇక్కడ సోమవారం ఉదయమే చేస్తారని ఊరందరికీ తెలుసు. 2008లో చైనాలో పాలలోని నత్రజనిని కొలిచి దాన్నే మాంసకృత్తుల లెక్కగా తీసుకోవడం వల్ల, నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనాన్ని కలిపారు. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పిల్లలు తాగే పదార్థాన్ని పరీక్షించే రోజు ముందే తెలిసిపోవడం ఏమాత్రం క్షేమం కాదు.

రెండోది శుభ్రత. పొదుగు కడిగి, స్టీలు పాత్రలో పితికి, వెంటనే తెచ్చిన పాలకూ, కడగని ప్లాస్టిక్ డబ్బాలో ఆలస్యంగా వచ్చిన పాలకూ ఇక్కడ ధర ఒక్కటే. మన ఉక్కపోతలో పాలు ఎంత త్వరగా విరుగుతాయో తెలిసినవారే ఈ కేంద్రాన్ని నడుపుతున్నారు. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపి, ఆ రంగు ఎంతసేపు నిలుస్తుందో చూసే పాత పరీక్షతోనే పాలలో సూక్ష్మజీవులు ఏ మేరకు ఉన్నాయో అంచనా వేయవచ్చు.

లాక్టోమీటరు ఒక్కదానితో ధర కట్టే చోట పాలు పోస్తున్నవారు ఇక్కడికి మారడం మేలు. నిర్వాహకులు కల్తీ పరీక్షల రోజును ఎవరికీ తెలియకుండా మారుస్తూ ఉండాలని, శుభ్రమైన పాలకు లీటరుకు కొంత అదనం చీటీలో విడిగా చూపించాలని కోరుతున్నాను.