4 ఎంబీలో మూడేళ్లు: కోత కోసిన కెర్నెల్‌తో చెరువు గట్టు మీద

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మా వెనామీ రొయ్యల చెరువు షెడ్డులో పాత రౌటర్ ఒకటి మూడేళ్లుగా పనిచేస్తోంది. ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. రౌటర్ల కోసం లినక్స్‌తో చేసిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో డీఓ మీటర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) తగిలించాను. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, తగ్గగానే మెసేజ్ రావాలి, బాబాయి లేచి ఏరేటర్లు వెయ్యాలి. అంతే దాని ఉద్యోగం.

మొదట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సెట్టింగులు మాయమయ్యేవి. మా చెరువుల దగ్గర కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా. తీరా చూస్తే జాగా గొడవ. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్, మార్చడానికి వీల్లేని ఫైళ్లుండే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ కూర్చోగా మిగిలిన చోటే, సెట్టింగులు రాసుకునే జేఎఫ్‌ఎఫ్‌ఎస్2కి దక్కేది. దానికి తక్కువలో తక్కువ 64 కేబీ బ్లాకులు 5, అంటే 320 కేబీ ఉండాలి. అంత లేకపోతే రాసిందంతా ర్యామ్‌లోనే ఉండి, కరెంటుతో పాటే పోతుంది.

దాంతో కెర్నెల్‌కి కోత మొదలైంది. ముందు మేక్ టైనీకాన్ఫిగ్‌తో (కెర్నెల్‌లో ఏమేం ఉండాలో చెప్పే కాన్ఫిగ్‌ని అతి చిన్నగా ఇచ్చే కమాండ్) ఖాళీగా మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేర్చుకుందామనుకున్నా. వారం గడిచినా కన్సోల్ మీద ఒక్క అక్షరం రాలేదు. పనిచేస్తున్న కాన్ఫిగ్ లోంచే తీసుకుంటూ పోవడం మేలు. ఐపీవీ6, వాడని ఫైల్‌సిస్టమ్‌లు, డీబగ్ ఆప్షన్లు, కాల్‌సిమ్స్ (కెర్నెల్ ఫంక్షన్ల పేర్ల పట్టిక) పోయాయి. ఏది తీస్తే ఎంత తగ్గిందో కంటి అంచనాకి అందదు. మాట్ మెకాల్ 2004లో రాసిన బ్లోట్-ఓ-మీటర్ రెండు కెర్నెళ్లను పోల్చి ఒక్కో ఫంక్షన్ బైట్ల లెక్క చూపిస్తుంది, నాకు అదే త్రాసు. కంప్రెషన్ బిగించినా లాభం ఫ్లాష్‌కే, నడిచేటప్పుడు ర్యామ్‌లో పైసా తేడా ఉండదు.

ఆ ఊపులో కెర్నెల్ తన మెసేజ్‌లు రాసే ప్రింట్‌కే కూడా తీసేశాను. అది అత్యాశ.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి రీడింగు 5.2 దగ్గరే ఉండిపోయింది, మెసేజ్ లేదు. తెల్లారగట్ల రొయ్యలు గట్టు వారకొచ్చి తేలుతున్నాయని బాబాయి ఫోన్. గబగబా ఏరేటర్లు వేసి గట్టెక్కాం. కెర్నెల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ కమాండ్ కొడితే చూపించడానికి అక్కడ ఏమీ లేదు. రెండు గంటలు వెతికితే తేలిందేమిటంటే, కేబుల్ మొన తుప్పు పట్టి ఊడొస్తోంది. పాత రీడింగునే పట్టుకుని కూర్చున్న స్క్రిప్టు తప్పు నాదే అనుకోండి. కానీ ప్రింట్‌కే ఉంటే ‘యూఎస్‌బీ డిస్‌కనెక్ట్’ అని ఒక్క లైను పడి ఉండేది.

ప్రింట్‌కే వెనక్కి తెచ్చాను, ఆ జాగా కోసం వెబ్ పేజీ పీకేశాను. కాల్‌సిమ్స్ మాత్రం పెట్టలేదు. క్రాష్ అయితే పేర్ల బదులు అడ్రసులే వస్తాయి, ఇంట్లో దాచిన సిస్టమ్ మ్యాప్ (ఏ అడ్రసులో ఏ ఫంక్షనో చెప్పే ఫైలు) ముందేసుకుని చూసుకుంటాను. పేజీలో రీడింగులు కనబడటం లేదని బాబాయి ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.