క్రోనీ: మూడేళ్లు పైగా వాడాక

నల్లగొండలో ఒక పరపతి సంఘానికి కంప్యూటర్లు చూసుకుంటాను. హెడ్డాఫీసులో 3 లినక్స్ సర్వర్లు, మిర్యాలగూడ, దేవరకొండ బ్రాంచీలతో కలిపి 40 దాకా సిస్టమ్‌లు. అన్నిటికీ టైం ఇచ్చేది ఇప్పుడు క్రోనీయే. నెట్‌లోని టైం సర్వర్లను అడిగి కంప్యూటర్ గడియారాన్ని సరిగ్గా ఉంచే సాఫ్ట్‌వేర్ ఇది.

అది లేనప్పుడు ఏమైందో ముందు చెప్పాలి. దేవరకొండలో ఒక ఖాతా సవరణ మధ్యాహ్నం 4:41కి జరిగినట్టు లాగ్‌లో ఉంది. ఆ టైంకి కెమెరాలో సీటు ఖాళీ. పాస్‌వర్డ్ ఎవరికిచ్చావంటూ అక్కడి క్లర్కును రెండు రోజులు నిలదీశారు. ఆమె ఏడ్చుకుంటూ నాకు ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ నీరసించి, ఆ కంప్యూటర్ గడియారం 19 నిమిషాలు వెనకబడి ఉంది. టీ తాగొచ్చి 5 గంటలకు ఆమే చేసిన ఎంట్రీ అది. లాగ్ చెప్పిందే నిజమనుకోవడం ఎంత ప్రమాదమో నాకు ఆ రోజే తెలిసింది.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైం సర్వర్లతో, లేదా వాటితో ముడిపడ్డ సర్వర్లతో గడియారాలు కలిపి ఉంచాలని ఉంది. లాగ్‌లు 180 రోజులు దాచాలి. మా సర్వర్లు సమయ్1.ఎన్ఐసీ.ఇన్ నుంచి టైం తీసుకుంటాయి, బ్రాంచీల విండోస్ సిస్టమ్‌లు మా సర్వర్ల నుంచి తీసుకుంటాయి. ఆడిటర్ వస్తే ‘క్రోనీసీ ట్రాకింగ్’, ‘క్రోనీసీ సోర్సెస్’ కమాండ్లు రెండూ కొట్టి చూపిస్తాను. సోర్సెస్‌లో రీచ్ అనే గడిలో 377 ఉంటే టైం సర్వర్ నుంచి చివరి 8 సార్లూ జవాబు అందినట్టే. మొదట్లో వారం పాటు అక్కడ 0 తప్ప ఏమీ రాలేదు. ఫైర్‌వాల్‌లో టైం సర్వర్లతో మాట్లాడే దారి, యూడీపీ 123 పోర్టు, మూసి ఉంది.

కరెంటు పోయొచ్చినా, నెట్ గంటల తరబడి లేకపోయినా క్రోనీ తొందరగా కుదురుకుంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇబ్బంది ఒక్కచోట పడ్డాను. మామూలు కాన్ఫిగ్‌లో మేక్‌స్టెప్ (గడియారాన్ని ఒక్కసారిగా సరైన టైంకి దూకించే సెట్టింగ్) మొదటి 3 అప్‌డేట్లకే పనిచేస్తుంది. ఆ తర్వాత తేడా వస్తే గడియారాన్ని నెమ్మదిగానే జరుపుతుంది, ఒక్క సెకను తేడా సర్దడానికి 12 సెకన్లు పడుతుంది. వర్చువల్ మెషీన్ (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) ఒకటి ఆగి లేచి 10 నిమిషాలు వెనకబడితే సర్దుకోవడానికి 2 గంటలు పట్టింది. ఇప్పుడైతే ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ కొట్టేస్తాను.

కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లను మాత్రం మరవొద్దు. మాది జీఎంటీ+8లో ఉండి రెండున్నర గంటలు ముందు చూపించేది. ఎన్‌టీపీ (నెట్ ద్వారా టైం కలిపే పద్ధతి) పెట్టినా టైంజోన్ తప్పైతే లాభం లేదు. అందుకే ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోన్ పట్టుకుని దాని ముందు నిలబడి సెకన్లు కలిపి చూస్తాను.