24 గంటల కంపోస్ట్ మెషిన్ కొనబోతున్న కాలేజీలకు హెచ్చరిక: వచ్చేది ఎరువు కాదు, ఎండిన అన్నం

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో, యూనివర్సిటీ భవనాల్లో మెస్, క్యాంటీన్ చెత్త సంగతి చూసేవాళ్లు ఇది చదవండి. మార్చి నెలాఖరులో బడ్జెట్ మురిగిపోతుందన్న టెన్షన్‌లో మనముంటాం. సరిగ్గా అప్పుడే ఈ మెషిన్ల వాళ్లు కొటేషన్లు పట్టుకొని దిగుతారు. తడి చెత్త వేసి స్విచ్ నొక్కితే 24 గంటల్లో ఎరువు తయారు అంటారు. మా యూనివర్సిటీ భవనంలోనూ అలాంటిది ఒకటి పెట్టారు. ఇప్పుడు అది మెస్ వెనక షెడ్డులో మూలన పడి ఉంది.

డెమో చూస్తే ఎవరైనా పడిపోతారు. వాళ్లు వేసింది సన్నగా తరిగిన కూరగాయల తొక్కలు, అదీ కొంచెమే. మన మెస్‌లో మిగిలేది అన్నం, పప్పుచారు, మజ్జిగ కలిసిన ముద్ద. అది వేసేసరికి లోపల తిరిగే రెక్కలకు జిగురులా పట్టుకొని మోటారు ఆగిపోయేది. ఫోన్ చేస్తే రంపపు పొట్టు ఎక్కువ కలపండి అన్నారు. పొట్టు కలిపిన కొద్దీ చెత్తకు చోటు తగ్గుతుంది. మెషిన్ మీద రాసిన కిలోల్లో ఈ పొట్టు కూడా లెక్కేనని కొన్నాక చెప్పారు. 'కల్చర్' అనే సూక్ష్మజీవుల పొడి వాళ్ల దగ్గరే కొనాలి, బయటిది వాడితే వారంటీ పోతుంది. ఇది కొటేషన్‌లో ఎక్కడా లేదు.

అసలు మోసం బయటికి వచ్చే పొడిలో ఉంది. గోధుమ రంగులో, పొడిపొడిగా, చూడ్డానికి నిజంగా ఎరువులాగే ఉంటుంది. ఆవరణలో వేప, కానుగ మొక్కల పాదుల్లో వేయించాం. నీళ్లు పెట్టిన రెండు మూడు రోజులకే తెల్లటి బూజు, పులిసిన వాసన, ఈగలు. రాత్రిపూట కుక్కలు పాదులు తవ్వేశాయి. తోట పని చూసే పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు: "సార్, పెంట కోసం కుక్కలు తవ్వుతాయా? ఇది ఎండిన అన్నమే."

ఆయన చెప్పిందే నిజం. ఎరువు చేసేది సూక్ష్మజీవులు. వాటికి 50–60 శాతం తేమ, గాలి కావాలి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి, ఆ తర్వాత కొన్ని వారాలు మాగాలి. ఈ మెషిన్ చేసేది హీటరుతో నీళ్లు ఇగిరించి పొడి చేయడం, అంతే. 100 కిలోలు వేస్తే 20 కిలోలే వచ్చిందని గొప్పగా చూపిస్తారు. తగ్గిందంతా దాదాపు నీరే. హీటరుతో కిలో నీరు ఆవిరి కావాలంటే 0.63 యూనిట్ల కరెంటు పడుతుంది, ఇందులో ఏ కంపెనీ తెలివీ పనిచేయదు. తగ్గినదాంట్లో 70 కిలోలే నీరనుకున్నా తక్కువలో తక్కువ 44 యూనిట్లు. "ఏసీ అంత కూడా కాలదు సార్" అన్న సేల్స్ అబ్బాయిని ఈ లెక్క అడగండి.

రోజుకు 100 కిలోలు దాటి చెత్త వస్తే ఆవరణలోనే చూసుకోవాలన్న నిబంధన చూపించి భయపెడతారు కూడా. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో, వీలైనంతవరకు అన్న మాటతో, అది ఉండేది నిజమే (2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి). కానీ మెషినే కొనాలని అందులో లేదు, గుంతలో చేసిన కంపోస్టూ చెల్లేది.

కొనక తప్పని పరిస్థితి వస్తే డెమోకి మీ మెస్ చెత్తే తీసుకెళ్లండి, మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలింది. వచ్చిన పొడిని తడిపి, కవర్లో కట్టి, మూడు రోజులాగి విప్పండి. మాగిన ఎరువైతే మట్టి వాసన వస్తుంది, లేకపోతే గదిలో నిలబడలేరు. ల్యాబ్‌లో చూపించగలిగితే ఇంకా మంచిది: ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్ట్‌లో (ఊరి చెత్తతో చేసిన ఎరువులో) కార్బన్, నత్రజని నిష్పత్తి 20 లోపు, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) 4 లోపు ఉండాలి. మన కూరల ఉప్పంతా ఆ పొడిలోనే మిగులుతుంది కాబట్టి ఈసీ తప్పకుండా చూడండి. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొంటే సరుకు అందాక సీఆర్‌ఏసీ (సరుకు అందింది, బాగుంది అని ఒప్పుకునే పత్రం) ఇవ్వడానికి 10 రోజులుంటాయి. బిగించిన రోజే సంతకం పెట్టమని వెంటపడతారు, పెట్టొద్దు. తడి పరీక్ష అయ్యాకే పెట్టండి.

ఇప్పుడు మేం రెండు గుంతలు తవ్వించి రాలిన ఆకులు, మెస్ చెత్త పొరలు పొరలుగా వేస్తున్నాం, పైన పేడనీళ్లు. ఎండలకు తొందరగా ఆరిపోతుంది కాబట్టి తడి గోనె సంచులు కప్పాలి. వాసన వస్తే ఆకులు తక్కువైనట్టు. ఇంతకుముందు ఆ ఆకులను తగలబెట్టేవాళ్లు, ఇప్పుడు అవే చాలడం లేదు. పక్క బ్లాకు వాళ్లను అడుగుతున్నాం.

మెషిన్ వెనక్కి తీసుకొమ్మని రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాం. జవాబుగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కొటేషన్ వచ్చింది.