కవరు మీద ‘100% కాటన్’ అని ఉందని లోపలి లంగాలు కొనేయకండి

అక్కలూ, చెల్లెళ్లూ, పెళ్లిళ్లకు మ్యాచింగ్ లంగాలు కొనే పనిలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదివాకే షాపుకు వెళ్లండి. ప్లాస్టిక్ కవరు మీద ‘100% కాటన్’ అని స్టిక్కర్ ఉంటుంది. కవరు విప్పి చూస్తే లంగాకు ఏ లేబులూ కుట్టి ఉండదు, తయారు చేసిన వాళ్ల పేరూ ఉండదు. మా దగ్గరి టౌన్‌లో ఒక బట్టల షాపులో అలాంటివే నాకు అంటగట్టారు. మంచి చీర పాడైంది, నడుము చుట్టూ చర్మం రేగిపోయింది.

వైశాఖంలో బంధువుల పెళ్లికి బండారులంక నూలు చీర కట్టుకున్నాను. చిలకపచ్చ రంగు, పల్చటి నేత. కింద ఆ షాపువాళ్లు మ్యాచింగ్ అని ఇచ్చిన ముదురు ఆకుపచ్చ లంగా. ఆ రోజుల్లో మన గోదావరి జిల్లాల ఉక్కపోత మీకు చెప్పక్కర్లేదు, చెమట పట్టడమే గానీ ఆరడం ఉండదు. తలంబ్రాలు అయ్యి భోజనాలకు లేచేసరికి కుచ్చిళ్ల లోపలి వైపు, మోకాళ్ల దగ్గర ముదురు మరకలు. ఇంటికొచ్చి లంగా విప్పితే బొందు కట్టిన మేర ఎర్రటి చార, దాని మీద సన్నటి పొక్కులు. రాత్రంతా ఒకటే దురద.

కుట్టు దగ్గర కుట్టు దారం కాకుండా బట్ట పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో అంటించి చూశాను. నూలు దారమైతే కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. ఇది ముడుచుకుని కరిగి, చివర నల్లటి గట్టి పూసలా తేలింది. అంటే పాలిస్టర్. చర్మం డాక్టరు గారు చెప్పింది కూడా దానికి సరిపోయింది: పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగుల్లో కొన్ని కొందరి ఒంటికి పడవు, చెమట, ఒరిపిడి తోడైతే ఆ రంగు బట్ట నుంచి చర్మానికి దిగుతుంది. ఇలాంటప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ కలిసిన క్రీములు రాయొద్దు. అది తామర అయితే పైకి తగ్గినట్టు కనిపించి ఇంకా పాకుతుంది.

వాడని లంగాలు పట్టుకుని షాపుకెళ్తే, “లోపలి బట్టలు వెనక్కి తీసుకోమండి, బోర్డు పెట్టాం కదండీ” అన్నారు. “అమ్మేటప్పుడు ప్యూర్ కాటన్ అన్నారు కదండీ” అంటే, “మాకూ అలాగే ఇచ్చారండి” అని తప్పించుకున్నారు. ఇక్కడ మనం ఊరుకోకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు ఏదీ రాయకపోతే, లోపం ఉన్న సరుకును 30 రోజుల్లోపు తెచ్చినా వెనక్కి తీసుకోకపోవడం తప్పే. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తర్వాత షాపువాళ్లే పిలిచి, వాడని వాటి డబ్బు ఇచ్చారు. చీర సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు. అందుకే చెబుతున్నా, ‘ఎస్టిమేట్’ అని రాసిచ్చే చిన్న చీటీతో సరిపెట్టుకోకండి. బిల్లులో ఉత్త ‘రెడీమేడ్’ అని కాకుండా ‘కాటన్ లంగా’ అని రాయించండి. రాయడానికి నసిగారంటే ఆ సరుకు వదిలేయండి.

షాపులోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. తెల్ల చేతిరుమాలు కాస్త తడిపి లంగా లోపలి వైపు గట్టిగా రుద్దండి. రంగు అంటిందంటే చెమటకూ దిగుతుంది. ఇంటికొచ్చి కల్లుప్పు నీళ్లలో నానబెడితే ఆగుతుందిలే అనుకోవద్దు, సరిగ్గా అద్దని రంగు ఉప్పుతో నిలవదు. బట్టను రెండు చేతులతో నలిపి కూడా చూడండి. పొడి రాలితే అది గంజి బరువు. ఒక్క ఉతుకుకే పల్చబడిపోతుంది, పల్చటి చీర కింద కాళ్లు కనబడతాయి. అసలైన నూలు పాప్లిన్ బట్ట అయినా మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది కాబట్టి పొడవు రెండంగుళాలు ఎక్కువే తీసుకోండి.

చీర కింద వేసుకునే షేప్‌వేర్ లంగాలు ఇప్పుడు ఆడపిల్లలు బాగా అడుగుతున్నారు. నడుము సన్నగా కనిపిస్తుంది, నిజమే. ఎక్కువగా అవి నైలానో పాలిస్టరో లైక్రాతో కలిపినవి. రిసెప్షన్‌లో ఏసీ హాల్లో రెండు గంటలకు సరే. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు పెళ్లికి వెళ్లే రోజు మాత్రం పక్కన చీలిక లేనిది వేసుకోకండి, అడుగు సాగదు. సైజు నడుము కొలతతో కాక పిరుదుల కొలతతో చూసుకోండి.

పిల్లల తెల్ల యూనిఫాం కింద స్లిప్పులకు తెలుపు కంటే ఒంటి రంగువి మేలు, బయటికి తక్కువ కనిపిస్తాయి.

బొందు విషయం మన అమ్మలకూ అత్తయ్యలకూ తప్పకుండా చెప్పండి. రోజూ ఒకే చోట బిగించి కట్టడం వల్ల నడుము మీద నల్లటి చార పడి, అక్కడే పుండు పడి, ఏళ్ల తరబడి మానకపోతే క్యాన్సర్‌గా మారిన సందర్భాలు ఉన్నాయి. మహారాష్ట్రలోని వార్ధా, బీహార్‌లోని మధుబని డాక్టర్లు, పెద్ద వయసు ఆడవాళ్లు ఇద్దరిలో దీన్ని గుర్తించి 2024లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఇలా కావడం అరుదే, టెన్షన్ పడక్కర్లేదు. సన్నటి తాడు తీసేసి వెడల్పాటి బొందు ఎక్కించండి, కట్టే చోటు రోజూ కాస్త పైకీ కిందకీ మార్చండి, ఇంట్లో వదులుగా కట్టుకోమనండి. నడుము మీద పుండు నెలైనా మానకపోతే పసుపు రాసి ఊరుకోకుండా చర్మం డాక్టరుకు చూపించండి.

నేనైతే ఇప్పుడు మీటర్ల లెక్కన పాప్లిన్ కొని, ఇంట్లో తడిపి ఆరేశాకే మా టైలరమ్మకు కుట్టడానికిస్తున్నాను. మీ బీరువాలో ఇలా లేబుల్ లేని కొత్త లంగాలుంటే, ఈసారి పెళ్లికి కట్టే ముందు తడి రుమాలుతో ఒకసారి రుద్ది చూడండి. బిల్లు తేదీ 30 రోజులు దాటకముందే ఆ పని చేయండి.