సెకండ్ హ్యాండ్ క్యారవాన్ కొంటున్నారా? ముందు బండి కిందికి వంగి చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు పాత క్యారవాన్ కోసం తిరుగుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. పోయిన నెల మేము 11.5 లక్షలు పెట్టి ఒకటి కొన్నాం. పాత ప్యాసింజర్ వ్యానులో సీట్లు పీకేసి మంచాలు, చిన్న వంటగది, బాత్రూమ్, ఏసీ పెట్టిన బండి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను, ఏం చూసుకోవాలో రాస్తాను.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సులో అంతసేపు కూర్చోలేదు, పడుకోబెట్టి శ్రీశైలం తీసుకెళ్లొచ్చని ఆశపడ్డాం. తెల్లవారుజామున నెల్లూరులో బయల్దేరాం. సింగరాయకొండ దాటాక వెనక ఎడమవైపు టైరు పేలింది. బండి ఒక్కసారిగా పక్కకు లాగేసింది. మా బావమరిది బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నిదానంగా పక్కకు తీశాడు కాబట్టి బతికిపోయాం. అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేశాం. హైవే పెట్రోలింగ్ వాళ్లు వచ్చి వెనక కోన్లు పెట్టారు. బండితో ఇచ్చిన జాకీ ఆ బరువును లేపలేకపోయింది. దారిన పోతున్న ఒక లారీ డ్రైవరన్న ఆగి, తన జాకీతో లేపి, స్టెప్నీ బిగించి పెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఆ అన్నే పేలిన టైరు మీద అంకెలు చూపించాడు. 1416. అంటే 2016లో 14వ వారంలో తయారైన టైరు! గ్రిప్పు బాగానే ఉంది, నల్లగా పాలిష్ కూడా కొట్టారు. పక్కలు మాత్రం సన్నగా పగిలి ఉన్నాయి. బండి తిరగకపోయినా రబ్బరు ఎండకీ వయసుకీ గట్టిపడి పగులుతుంది. టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక్కోసారి అవి లోపలివైపు ఉంటాయి, కిందికి దూరి అయినా చూడండి. స్టెప్నీని వదలొద్దు.

అసలు సమస్య బరువు. ఒంగోలులో కాటా వేయిస్తే ఆర్సీలో రాసిన మొత్తం బరువు కంటే 420 కిలోలు ఎక్కువ వచ్చింది. 200 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 200 కిలోలు. పైగా ప్లైవుడ్, మంచాలు, ఏసీ, ఏడుగురం మనుషులం. కొనేటప్పుడు ఖాళీ ట్యాంకుతో రెండు కిలోమీటర్లు తిప్పి చూపిస్తే అదే టెస్ట్ డ్రైవ్ అనుకున్నాం. మీరు ట్యాంకు నింపించి, ఏ రైస్ మిల్లు దగ్గరో కాటా వేయించి, మీకు తెలిసిన మెకానిక్‌ను ఎక్కించుకుని కనీసం 50 కిలోమీటర్లు నడపండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

రాత్రి మార్కాపురంలో ఆగాం. పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుమని శబ్దం తప్ప ఏమీ లేదు. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు అన్నీ ఇంజిన్ బ్యాటరీకే కలిపేశారు. లోపలి వాడకానికి వేరే బ్యాటరీ, రెండింటినీ విడదీసే ఐసోలేటర్ ఉండాలి. మాకు చూపించిన రెండో బ్యాటరీకి అసలు వైరే లేదు. మెకానిక్ వచ్చి స్టార్ట్ చేసి, చక్రాలు విప్పి బ్రేకు లైనింగులు చూశాడు. "ఈ బరువుతో దోర్నాల ఘాట్ ఎక్కొద్దు సార్. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే పట్టవు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. వెనక్కి వచ్చేశాం.

ఆర్సీలో ఇది ఇంకా ప్యాసింజర్ వ్యానే. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా బండిని ఇలా మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. మార్పు ఆర్సీలో ఎక్కిందో లేదో ముందే చూసుకోండి.

బండి కొన్న యార్డుకు వెళ్లి అడిగితే "చూసుకునే కదా కొన్నారు" అన్నారు. అక్కడ ఇలాంటివే ఇంకో రెండు అమ్మకానికి పెట్టారు. వంగి చూశాను. ఒకదాని టైర్లు 2015వి. రెండోదానికి ఆ అంకెలు గీకేసి ఉన్నాయి.