మూడు మజిలీలు, రెండు హ్యాండిల్ బార్లు: ఐదు రోజుల డర్ట్ బైక్ యాత్ర

ఇసుక నేల, అడవి దారి, మోటోక్రాస్ ట్రాక్ (మట్టితో చేసిన పోటీ బాట) అనే మూడు చోట్ల డర్ట్ బైకులు (మట్టి, ఇసుక దారుల్లో నడిపే మోటారు సైకిళ్లు) నడపడానికి నేనూ, మా అక్క కూతురూ ఐదు రోజుల యాత్రకు వెళ్లాము. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, ఆమెది 5 అడుగుల 3 అంగుళాలు. ఇద్దరికీ ఒకే రకం బండ్లు అద్దెకు దొరకడంతో, ఒకే హ్యాండిల్ బార్ ఇద్దరికీ సరిపోదన్న సంగతి మొదటి గంటలోనే అర్థమైంది. అందువల్ల ఈ మూడు చోట్లనూ గదుల సౌకర్యాన్ని బట్టి కాక, బండిని మన ఒంటికి తగినట్టు అమర్చుకోవడానికి అక్కడివారు ఎంతవరకు సాయపడ్డారన్నదాన్ని బట్టే బేరీజు వేస్తున్నాను.

మొదటి మజిలీ ఇసుక నేల. బస విశాలంగా, శుభ్రంగా ఉంది; తడిసిన బట్టలు ఆరవేసుకోవడానికి వేరే గది కూడా ఇచ్చారు. బండ్లను మాత్రం ఆరుబయట నిలిపారు, పనిముట్లు అడిగితేనే వచ్చేవి. ఇసుకలో ముందు చక్రం దిగబడకుండా బరువును వెనక్కి ఉంచి, ఎక్కువసేపు నిలబడే నడపాలి. బండితో వచ్చిన బార్ నాకు తక్కువ ఎత్తు కావడం వల్ల నిలబడిన ప్రతిసారీ నడుము వంగేది. ఆ వంపులో పడిన బరువంతా అరచేతుల మీదికి వచ్చి, మధ్యాహ్నానికల్లా ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి క్లచ్ నొక్కడం కూడా కష్టమైంది. అడిగితే, అక్కడి మెకానిక్ బార్ కింద దాన్ని పైకి ఎత్తే 20 మి.మీ. దిమ్మెలు (రైజర్లు) వేశాడు. నడుము నొప్పి వెంటనే తగ్గింది. అయితే బార్ పైకి లేచినంత మేరా ఇంజన్ వేగం పెంచే త్రాటిల్ కేబుల్ బిగుతుగా మారిందన్న విషయం ఎవరమూ గమనించలేదు. మరునాడు ఉదయం ఒక ఇరుకైన మలుపులో బార్‌ను పూర్తిగా తిప్పగానే, నేను త్రాటిల్ ముట్టకపోయినా ఇంజన్ వేగం పెరిగి బండి నన్ను ఇసుకలోకి తోసేసింది. దెబ్బ తగలలేదు. కానీ కేబుల్‌ను వేరే దారిలో తీసుకువెళ్లి వదులు ఇవ్వమంటే, "అది అంతే, అలవాటైపోతుంది" అన్న సమాధానమే వచ్చింది. బార్ ఎత్తు పెంచినప్పుడు ఇంజన్‌ను నడుపుతూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడడం, క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం ఎక్కడా లాగడం లేదని నిర్ధారించుకోవడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఇవ్వని చోటుకు, గదులు ఎంత బాగున్నా నేను మళ్లీ వెళ్లను.

రెండో మజిలీ అడవి అంచున ఉన్న చిన్న బస. మంచాలు ఇరుకు, నీళ్లు ఆగి ఆగి వచ్చేవి. అయినా యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే అక్కడ మంచి వెలుతురు ఉన్న షెడ్డు, వైస్ బిగించిన బల్ల, గోడకు వేలాడదీసిన నాలుగైదు పాత బార్లు ఉన్నాయి. ఆ బసను నడిపే పెద్దాయన బండిని స్టాండు మీద నిలిపి, మమ్మల్ని ఒక్కొక్కరినీ పాదాలు ఆనించే ఫుట్‌పెగ్‌ల మీద నిలబెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, కళ్లు మూసుకుని చేతులు సహజంగా ఎక్కడికి వస్తాయో అక్కడ ఉంచమన్నారు. కళ్లు తెరిచి చూస్తే నా చేతులు గ్రిప్పుల కన్నా నాలుగు వేళ్ల పైన గాలిలో ఉన్నాయి, మా అక్క కూతురివి గ్రిప్పుల కన్నా బాగా లోపలికి ఉన్నాయి. కొలతల పట్టిక చూసి బార్ ఎంచుకునే ముందు ప్రతివారూ చేయవలసిన పరీక్ష ఇదేనని నా నమ్మకం.

ఆ తరువాతే ఆయన అంకెల్లోకి వచ్చారు. బార్‌కు వెడల్పు, ఎత్తు, చివరలు వెనక్కి ఎంత వంగాయన్నది, ఈ మూడూ ముఖ్యం. బార్‌ను బండికి పట్టి ఉంచే క్లాంప్ దగ్గర మందం పాత తరహా బార్లలో 22.2 మి.మీ., లావు రకంలో 28.6 మి.మీ. ఉంటుంది కనుక, ఒకదాని క్లాంపులో మరొకటి కూర్చోదు. పాత రకానికి అడ్డకడ్డీ బలాన్నిస్తుంది. 1969లో బ్రిటన్‌లో మొదలైన రెంథాల్ సంస్థ ఫ్యాట్‌బార్ వంటివి అడ్డకడ్డీ లేకుండానే మధ్యలో లావుగా, చివరలకు సన్నబడుతూ ఉండి, కొంత వంగే గుణంతో చేతులకు తగిలే కుదుపును తగ్గిస్తాయి. నాకు ఎత్తైన ఫ్యాట్‌బార్ ఒకటి బిగించి రైజర్లు తీసేశాము.

మా అక్క కూతురి సమస్య వెడల్పుది. "మామయ్యా, మోచేతులు పైకి లేపమంటారు గానీ, ఇంత వెడల్పులో లేపితే భుజాలు పీకుతున్నాయి" అంది. అసలు బార్ 800 మి.మీ.; దానికి చేతులను కాపాడే హ్యాండ్‌గార్డులు కలిస్తే రెండు చెట్ల మధ్య దూరడమే కష్టం. పెద్దాయన వెంటనే రంపం తీయలేదు. గ్రిప్పులనూ లివర్లనూ రెండు వైపులా 20 మి.మీ. లోపలికి జరిపి పూట మొత్తం నడిపి రమ్మన్నారు. తిరిగి వచ్చి బాగుందని చెప్పిన తరువాతే, కొలిచి గీత గీసి, బార్‌ను 760 మి.మీ.కు కోసి, కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేశారు. కోసిన ముక్కను తిరిగి అతికించలేము కాబట్టి ఈ ఓపిక చాలా అవసరం. వెడల్పు తగ్గితే బార్ తిప్పడానికి కాస్త ఎక్కువ బలం కావాలి, ఇసుకలో అది లోటే. అడవిలో ఆమెకు ఆ లోటు తెలియలేదు.

మూడో మజిలీ మోటోక్రాస్ ట్రాక్. బస అందరికీ ఒకే హాలు, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. అడవిలో నేను మురిసిపోయిన ఎత్తైన బార్ ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది. ట్రాక్ మలుపుల్లో ముందుకు జరిగి కూర్చుని ముందు చక్రం మీద బరువు వేయాలి; బార్ ఎత్తు నన్ను వెనక్కి నిటారుగా కూర్చోబెట్టడంతో చదునైన మలుపుల్లో ముందు చక్రం పట్టు వదిలి జారేది. అక్కడి మెకానిక్ మారు మాట్లాడకుండా కొంచెం తక్కువ ఎత్తున్న బార్ వేసి, దాని పైకి లేచే భాగం ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వాలుకు సమాంతరంగా ఉండేలా తిప్పి, నాలుగు బోల్టులనూ మాన్యువల్ చెప్పిన క్రమంలో బిగింపును కొలిచే టార్క్ రెంచితో బిగించాడు. అంతకుముందు నేను బార్‌ను నా వైపు ఎక్కువగా తిప్పుకున్నాను, దానివల్ల మోచేతులు కిందికి దిగిపోయాయని అతడు చూపించేదాకా నాకు తోచలేదు. లివర్లను కూడా నిలబడినప్పుడు మణికట్టు వంగకుండా కొద్దిగా కిందికి వంచాడు. పని మొత్తం పావుగంటలో ముగిసింది.

ఇంటికి వచ్చాక ఇద్దరి బార్ల వెడల్పూ, ఎత్తూ, క్లాంప్ మందమూ ఒక కాగితం మీద రాసి, అడవి అంచు బసకు పంపి నాలుగు రోజులకు గది అడిగాను. పెద్దాయన గది సంగతి చివర రాశారు. ముందుగా రాసింది, మాకు సరిపడే రెండు బార్లను విడిగా తీసి ఉంచానని.